పచ్చదోమ పీల్చిన పరిమళం

పాలమూరు ఆముదపు చేలో కనిపిస్తే రైతు గుండె గుభేలుమంటుంది. డార్జిలింగ్ తేయాకు తోటలో కనిపిస్తే మేనేజరు ముఖం వెలిగిపోతుంది. రెండుచోట్లా ఉన్నది ఆకు వెనక దాక్కునే ఓ పిసరంత పచ్చ పురుగు. రెండుచోట్లా పుస్తకాల్లో దాని పేరూ ఒకటే. అక్కడ పగవాడైనది ఇక్కడ చుట్టమెలా అయిందో చూద్దామని కుర్సియాంగ్ కొండెక్కితే...

‘‘ఊదకండి. ఊదితే పారిపోతాయి.’’

తోట అసిస్టెంట్ మేనేజరు ఆ మాట అనేసరికి ఊపిరి బిగబట్టాను. ఆయన తేయాకు చిగురును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తిప్పారు. నా చేతిలో భూతద్దం. ముందు ఏమీ కనిపించలేదు. ఆకు ఈనె పక్కన మరో చిన్న ఈనె ఉన్నట్టుంది, అంతే. ఆ ఈనె ఉన్నట్టుండి పక్కకు నడిచింది. ముందుకు కాదు, వెనక్కి కాదు... ఎండ్రకాయలా ఏటవాలుగా! ఆకు అంచుదాకా వెళ్లి, అవతలి వైపుకి జారి, మళ్లీ తొంగిచూసింది.

ఆ నడక నాకు తెలుసు. కల్వకుర్తి దగ్గర మా చిన్నాయన చేలో చిన్నప్పుడు చూసిన నడకే. ఆముదపాకు తిప్పితే గుంపుగా పక్కకు పరిగెత్తేవి. పిల్లలం వాటితో పందేలు ఆడేవాళ్లం. చిన్నాయన మాత్రం ఆకు కేసి చూసి నిట్టూర్చేవాడు. వారం తిరిగేసరికి ఆకు అంచులు పసుపెక్కేవి. ఆ పసుపు గోధుమ రంగుకు తిరిగి, ఆకు దోనెలా ముడుచుకుపోయి, చేనంతా నిప్పు సెగ తగిలినట్టు అయిపోయేది. గెలలు గిడసబారేవి. ఆ ఏడు ఎవరి పెళ్లి అనుకున్నా వాయిదా పడేది.

‘‘ఈ పురుగు లేకపోతే మా రెండో చిగురుకు గిరాకీ లేదు సార్’’ అన్నారు మేనేజరు. చిన్నాయన వింటే ఏమనేవాడో!

రెండు రాత్రుల ప్రయాణం

సికింద్రాబాద్‌లో రైలెక్కితే న్యూ జల్పాయిగుడి చేరేసరికి రెండు రాత్రులు గడిచాయి. అక్కడి నుంచి సిలిగుడి, ఆపైన రోహిణి రోడ్డు. షేరు జీపులో పదిమందిమి. కింద ఉక్కపోత, గంట గడిచేసరికి చేతులు ముడుచుకునే చలి. కుర్సియాంగ్ దాదాపు 4,800 అడుగుల ఎత్తున ఉంటుంది. 1881 నుంచి నడుస్తున్న బొమ్మ రైలు ఊరి నడిబజారులోంచే పోతుంది. ఎంత ఇరుకంటే, కిటికీలోంచి చెయ్యి చాపితే కొట్లో బిస్కెట్ పొట్లం తీసుకోవచ్చు. పర్యాటకులు మామూలుగా ఇక్కడ ఆగరు. టీ తాగి, డార్జిలింగ్‌కు పోతారు. నేను వచ్చిన పని మాత్రం ఇక్కడే.

నేను వెళ్లింది జూన్ మొదటి వారం. కావాలనే. డార్జిలింగ్ తోటల్లో ఏడాది పొడవునా ఒకే టీ రాదు. చలికాలం నిద్ర లేచాక మార్చి, ఏప్రిల్‌లలో తొలి చిగురు. లేత రంగు, పూల వాసన. మే, జూన్‌లలో రెండో చిగురు. వానలు పడితే ఆకు దండిగా వస్తుంది గానీ వాసన పలచబడుతుంది. వానలు వెనకబట్టాక శరదృతువు పంట. ఇందులో రెండో చిగురుకే ‘మస్కటెల్’ అన్న పేరుంది. మస్కట్ అనేది ఓ రకం ద్రాక్ష. బాగా పండిన ఆ ద్రాక్షపండు వాసన, దానివెనకే కాస్త తేనె. పాలు పోస్తే అంతా పోతుంది.

ఆ ద్రాక్ష వాసన ఎక్కడిది? తోటలో ద్రాక్షతీగ ఒక్కటీ లేదు. టీలో ఎవరూ ఏమీ కలపరు. ఇదిగో, ఈ పక్క నడక పురుగు పుణ్యమే!

పిలుపు మనకు కాదు

తొలి చిగురు కోసేశాక ఎండలు ముదురుతాయి. గాలి వెచ్చబడుతుంది. పచ్చదోమలూ, వాటికి తోడుగా తామర పురుగులూ చిగుళ్లమీద చేరతాయి. పచ్చదోమ ఆకును కొరకదు. సన్నటి ముక్కును ఈనెలోకి గుచ్చి, కాస్త ఉమ్మి వదిలి, కణాలను చిదిమి రసం పీలుస్తుంది. చిగురు ఎదుగుదల ఆగిపోతుంది. అంచు పసుపెక్కి, కొస ముడుచుకుంటుంది.

మొక్క పారిపోలేదు కదా! అందుకని అది వాసనలు తయారుచేస్తుంది. దాడి జరుగుతోందని సాలీళ్లకూ, పరాన్నజీవులైన చిట్టి కందిరీగలకూ అందే కబురులాంటిది అది. ఆ వాసన పదార్థాల్లో కొన్ని... పీల్చిన ఆకును కోసి, వాడబెట్టి, నలిపి, ఆరబెట్టినప్పుడు మరింత పెరిగి, పండిన ద్రాక్షను తలపిస్తాయి. హోట్రియెనాల్ అన్నది వాటిలో ఒకటి. సాలీడును పిలిస్తే మనం వచ్చామన్న మాట!

ఈ రహస్యాన్ని తైవాన్ రైతులు ఎప్పుడో డబ్బు చేసుకున్నారు. అక్కడ షించు ప్రాంతంలో పచ్చదోమ పీల్చిన ఆకుతో చేసే టీకి ‘ఓరియంటల్ బ్యూటీ’ అని పేరు. దానికే ‘గొప్పల టీ’ అన్న ఎగతాళి పేరు కూడా ఉంది. పురుగు పట్టిన ఆకును పారేయడం ఇష్టంలేక టీ చేసి పట్నానికి పట్టుకెళ్లిన రైతు, మంచి ధరకు అమ్ముడుపోయిందని చెబితే ఊళ్లో ఎవరూ నమ్మలేదట. గొప్పలు పోతున్నాడన్నారట. నిజమో కాదో గానీ, పురుగు పట్టిన పంటకు ఎక్కువ డబ్బొచ్చిందంటే మా ఊళ్లోనూ అదే మాట అంటారు.

కార్ఖానాలో పొడవాటి తొట్లమీద ఆకు పరిచి ఉంది. కింద నుంచి గాలి. రాత్రంతా అలా వాడాలి. తలుపు తీయగానే ముందు పచ్చగడ్డి వాసన. నాలుగడుగులు వేశాక అది మారిపోయింది. పండ్ల దుకాణంలోకి వచ్చినట్టుంది. ‘‘ఈ తొట్టి కింది వాలు ఆకు. అదిగో, ఆ చివరి తొట్టి పురుగు బాగా పట్టిన సెక్షన్‌ది’’ అన్నారు మేనేజరు. ముక్కు పెట్టి చూస్తే తేడా నాకే తెలిసింది. ఇంట్లో పాలు మాడినా తెలియని ముక్కు నాది!

పేరు పెట్టిందెవరు?

మన దగ్గర దోమ అంటాం గానీ, కుట్టే దోమకూ పచ్చదోమకూ చుట్టరికం లేదు. ఇది నల్లి, పేనుబంక, తెల్లదోమ ఉన్న వర్గానిది. ఆకుదోమల కుటుంబంలో ఇప్పటికి శాస్త్రవేత్తలు పేరు పెట్టిన జాతులు 20 వేలకు పైనే. అందులో అన్నిటికన్నా నాజూకైన ఉపకుటుంబం ఒకటుంది... టిఫ్లోసైబినే. ఇందులోనే 6 వేలకు మించి జాతులు. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవు. రెక్క పట్టుకుంటే చిరిగిపోతుంది. వేళ్లతో పట్టుకుంటే పొడైపోతుంది. వీటిలో చాలామటుకు ఆకు కణాలను ఒక్కొక్కటిగా ఖాళీ చేస్తాయి. ఆకుమీద సుద్దముక్కతో చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు పడతాయి. ఎంపోయస్కా అనే ప్రజాతి మాత్రం ఈనెల మీద కూడా పడుతుంది. ఆకు మాడేది అప్పుడే. మన ఆముదాన్ని మాడ్చేదీ, డార్జిలింగ్ చిగురు పీల్చేదీ ఆ ప్రజాతే.

పుస్తకాల్లో ఈ రెంటికీ రాసి ఉన్న పేరు ‘ఎంపోయస్కా ఫ్లావెసెన్స్’. ఫ్లావెసెన్స్ అంటే పసుపెక్కేది అని అర్థం. ఆ మాట డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రిసియస్ 1794లో యూరప్ పురుగుకు పెట్టినది. లినేయస్ శిష్యుడాయన. తర్వాతి కాలంలో సగం ప్రపంచంలో ఏ పంటమీద చిన్న పచ్చ పురుగు కనిపించినా ఆ పేరే తగిలించారు. ఊళ్లో ప్రతి నల్లకుక్కనూ రాజు అని పిలిచినట్టు!

మరి పాలమూరు పురుగూ, కుర్సియాంగ్ పురుగూ నిజంగా ఒకటేనా? కంటితో చూసి చెప్పలేరు. భూతద్దంతోనూ చెప్పలేరు. పచ్చగా ఉంది, మూడు మిల్లీమీటర్లుంది అన్న గుర్తులు కొన్ని వందల జాతులకు సరిపోతాయి. వెనక రెక్కలో ఈనెల అమరిక చూస్తే ఏ తెగదో తెలుస్తుంది. జాతి తెలియాలంటే మగ పురుగు కావాలి. దాని పొట్ట చివర కోసి, క్షారంలో ఉడకబెట్టి, గ్లిజరిన్ చుక్కలో ఉంచి, సూక్ష్మదర్శినిలో జననాంగాల్లోని ముళ్లూ, కొక్కేలూ ఎలా ఉన్నాయో గీసుకోవాలి. ఒకదానికి కొక్కెం కుడికి తిరిగితే మరోదానికి ఎడమకు. ఒక్క పురుగుకు ఒక పూట. ఆడ పురుగులు మాత్రమే దొరికితే ఆ రోజు పని దండగ.

పోలండ్‌కు చెందిన ఇరేనా ద్వోరకోవ్‌స్కా ఈ పనిలోనే జీవితం గడిపారు. ఈ నాజూకు పురుగుల్లో వందల జాతులకు ఆమే పేరు పెట్టారు. భారతదేశపు టిఫ్లోసైబినే జాతులను సోహీతో కలిసి ఆమె సమీక్షించిన వ్యాసం 1983లో వచ్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విరక్తమఠ్‌గారు దశాబ్దాలుగా ఆకుదోమలను వెతికి పట్టి, వర్గీకరించి, శిష్యులను తయారుచేశారు. వీళ్ల పేర్లు ఏ పురుగుమందు డబ్బామీదా ఉండవు.

తేయాకు పురుగు విషయంలో జరిగిన తమాషా వినండి. చైనాలో దశాబ్దాలపాటు దాన్ని యూరప్ ద్రాక్షతోటల పురుగు అనుకుని ఆ పేరుతోనే పిలిచారు. జపాన్‌లో మాత్సుదా 1952లో పెట్టిన ‘ఓనుకీ’ అన్న పేరు వాడారు. తైవాన్‌లో ‘ఫార్మోసానా’ అన్నారు. 2015లో చైనా, జపాన్ పురుగులను పక్కపక్కన పెట్టి, ఆ ముళ్లూ కొక్కేలూ పోల్చి చూస్తే... రెండూ ఒకటే! ద్రాక్ష పురుగుతో సంబంధమే లేదు. మన దగ్గర తేయాకుకూ ఆముదానికీ కలిపి నడుస్తున్న ‘ఫ్లావెసెన్స్’ కూడా అలాంటి పాతకాలపు చీటీయే. పేరు ఒకటైనంత మాత్రాన పురుగు ఒకటేనని పందెం కాయలేం.

పేరు ఏదైతేనేం, పురుగు పురుగే కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పత్తి పచ్చదోమ కథ తెలిశాక అనిపించలేదు.

చుక్కల పురుగు సముద్రం దాటింది

పత్తి, బెండ, వంగ మీద మన రైతులు రోజూ చూసే పచ్చదోమ ఎంపోయస్కాకు దగ్గరి చుట్టం. రెక్కల చివర చెరో నల్ల చుక్క ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన డిస్టంట్ 1918లో దీనికి ‘డెవాస్టాన్స్’ అని పేరు పెట్టాడు. ధ్వంసం చేసేది అని అర్థం. మన పుస్తకాల్లో చాలాకాలం ఆ పేరే ఉండేది. అంతకు ముందే జపాన్‌కు చెందిన ఇషిదా ‘బైగటులా’ అన్నాడు. రెండు చిన్న చుక్కలది అని. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడది అమ్రాస్కా బైగటులా.

ఆసియా పురుగు అనుకున్న ఇది 2022లో పశ్చిమాఫ్రికా పత్తి చేలమీద విరుచుకుపడింది. మొదట అక్కడి వాళ్లు తమ పాత పచ్చదోమే ఎక్కువైందనుకున్నారు. కొత్తది వచ్చిందని తేలేసరికి చేలు ఎర్రబడిపోయాయి. 2023లో ప్యూర్టోరికోలో, 2024లో ఫ్లోరిడాలో బయటపడింది. 2025లో జార్జియా, అలబామా, దక్షిణ కరోలినా పత్తి రైతులు దోనెల్లా ముడుచుకున్న ఆకులు పట్టుకుని నిలబడ్డారు. మూడు మిల్లీమీటర్ల పురుగుకు సముద్రం అడ్డం కాలేదు. కూరగాయలతోనో, మొక్కలతోనో పోతుంది. గాలివాటున వందల మైళ్లు కొట్టుకుపోయే జాతులూ ఉన్నాయి. అమెరికాలో బంగాళాదుంప పచ్చదోమ ఏటా వసంతంలో దక్షిణాది తీరం నుంచి గాలెక్కి ఉత్తరాదికి చేరుతుంది. మరోవైపు ఒక్క కొండ లోయలో, ఒక్క చెట్టుమీద తప్ప ఇంకెక్కడా కనిపించని జాతులూ ఈ ఉపకుటుంబంలోనే ఉన్నాయి. ఏది ఏదో తెలియకపోతే వచ్చింది ఇంటివాడో, దొంగో ఎలా చెప్పడం?

మొక్కలు మాత్రం పేర్లతో పనిలేకుండా ఎవరి తంటా అవి పడుతున్నాయి. పత్తికి ఆకు వెనక నూగు ఒత్తుగా ఉంటే పచ్చదోమ గుడ్డు పెట్టడానికి తంటాలు పడుతుంది. ఆముదానిది మైనం ఎత్తు. కాండంమీదా, ఆకు రెండు పక్కలా బూడిద రాసినట్టు మైనపు పూత ఉన్న రకాలకు పచ్చదోమ అంతగా పట్టదు. పూత లేని రకమైతే దానికి విందే. పాలెం పరిశోధన స్థానంవాళ్లు కొత్త ఆముదం రకం ఎంచేటప్పుడు ఆ పూతను తప్పకుండా చూస్తారు. తేయాకుకు అంత నూగూ లేదు, మైనమూ లేదు. దానికి ఉన్నది వాసనే.

బుట్ట బరువు

తోటలో రెండో రోజు పొద్దున్నే ఆకు కోసేవాళ్ల వెంట వాలు దిగాను. అందరూ ఆడవాళ్లే. వీపున డోకో. నుదుటిమీదుగా నామ్లో పట్టీ. ‘‘దుయి పాత్, ఎక్ సుయిరో’’ అంది ఒకావిడ, రెండు ఆకులూ ఒక మొగ్గా ఎలా తుంచాలో చూపిస్తూ. నేను పావుగంటలో కోసింది ఆవిడ నిమిషంలో కోసినంత కూడా లేదు. పక్కనున్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

‘‘పురుగు పడితే మంచి టీ అవుతుందట కదా దీదీ?’’ అన్నాను.

ఆవిడ ముడుచుకున్న చిగురొకటి తుంచి నా అరచేతిలో పెట్టింది. ‘‘ఎంత బరువుందో చూడు భాయ్’’ అంది హిందీలో. నిజంగానే ఏమీ లేదు. పక్కనే ఉన్న ఆరోగ్యమైన చిగురు దానికి రెండింతలుంది. రోజుకు ఇంత ఆకు కోయాలని లెక్క ఉంటుంది. చిగురు చిన్నదైతే బుట్ట నిండదు. అదే లెక్క చేరడానికి అదనంగా ఎన్ని వందల సార్లు తుంచాలో ఆవిడ వేళ్లకు తెలుసు. బెంగాల్ తేయాకు తోటల్లో 2023లో పెంచాక రోజు కూలి 250 రూపాయలు. కిలో టీ తయారవ్వాలంటే నాలుగు కిలోలకు పైగా పచ్చాకు కావాలి.

ఈ మాట మేనేజరు దగ్గర ఎత్తితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన లెక్క చెప్పారు. పురుగు కొంచెం ఉంటే వాసన, ఎక్కువైతే పంటే ఉండదు. మందు కొడితే పురుగు పోతుంది, దాంతోపాటు మస్కటెలూ పోతుంది. పైగా జర్మనీ, జపాన్ కొనుగోలుదార్లు మందు అవశేషాలకు ఒప్పుకోరు. అందుకే ఇక్కడ చాలా తోటలు సేంద్రియానికి మారాయి. అలాగని వదిలేస్తే దిగుబడి ఏటేటా తగ్గుతోంది. ముసలి పొదలు, వేళకు రాని వాన. 2017లో గూర్ఖాలాండ్ ఆందోళనతో 104 రోజులు బంద్ నడిచి, రెండో చిగురు చాలావరకు చెట్లమీదే ముదిరిపోయింది. ఆ దెబ్బకు చేజారిన విదేశీ బేరాలు కొన్ని మళ్లీ రాలేదు. ఒకప్పుడు డార్జిలింగ్ తోటలు ఏడాదికి కోటి కిలోలకు పైగా టీ ఇచ్చేవి. 2024లో 60 లక్షలు కూడా దాటలేదు.

సాయంత్రం ఆయన ఓ చిన్న ముచ్చట చెప్పారు. పచ్చదోమలు మాట్లాడుకుంటాయట! మనకు వినపడదు. మగ పురుగు పొట్ట ఆడిస్తే ఆ అదురు కాడ గుండా పాకి, మరో ఆకుమీదున్న ఆడ పురుగు కాళ్లకు తగులుతుంది. ఆమె బదులిస్తుంది. శాస్త్రవేత్తలు లేజర్ పరికరాలతో ఆ అదురులను పట్టి, చప్పుడుగా మార్చి విన్నారు. వాలుమీద నిలబడి చూస్తే పొదలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. లోయలోంచి మబ్బు పైకి వస్తోంది. ఎక్కడో బొమ్మ రైలు కూత.

రెండు కప్పులు

ఆగస్టులో కల్వకుర్తి వెళ్లాను. వంద గ్రాముల మస్కటెల్ పొట్లం తీసుకెళ్లాను. దానికి పెట్టిన డబ్బుతో మా ఇంట్లో రెండు నెలల టీపొడి వస్తుంది. ఆ సంగతి చిన్నమ్మకు చెప్పలేదు. చెబితే పొయ్యిమీద పెట్టనివ్వదు. నీళ్లు మరిగించి దించి, ఆకు వేసి, మూడు నిమిషాలు మూతపెట్టి, పాలు పోయకుండా ఇచ్చాను.

చిన్నాయన ఓ గుటక వేశాడు. గ్లాసులోకి చూశాడు. ‘‘పాలేవి బిడ్డా?’’ అన్నాడు.

పురుగు కథంతా చెప్పాను. ఆయన అడ్డు తగలకుండా విన్నాడు. ఇంకో గుటక వేసి, ‘‘వాసనైతే మంచిగనే ఉన్నది’’ అని ఒప్పుకున్నాడు. ‘‘గింతకాలం మన చేన్ల గంత పీల్చె... ఆముదానికి ఒక్కనాడన్న మంచి వాసన రాకపాయె.’’

ఆముదం వేయడం ఆయన మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడంతా పత్తే. నా సంచీలో భూతద్దం ఉందని తెలిసి చేనుకు తీసుకెళ్లాడు. ఆకు తిప్పి చూస్తే ఏటవాలుగా పరిగెత్తాయి. రెక్కల చివర నల్ల చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. తన కళ్లతో చుక్కలు చూడటం ఆయనకు అదే మొదటిసారి. భూతద్దం నాకు తిరిగివ్వలేదు. సాలు వెంట ఆకులు తిప్పుకుంటూ, ఆకుకు ఎన్ని ఉన్నాయో పైకే లెక్కపెట్టుకుంటూ ముందుకు పోయాడు.